చెన్నపురి అంగడి వీధులు: పాండీబజారు క్షీణోద్ధరణములు

చెన్నపురి తెలుగువారి చరిత్రను వ్రాయబూనినవారు సాధారణముగా దేవాలయములతోనో, ముద్రణాలయములతోనో, సభలతోనో ప్రారంభింతురు. వావిళ్లవారి ప్రచురణలు, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక, 1952లో పొట్టి శ్రీరాములుగారి ప్రాయోపవేశము - ఇవి ఎల్లరెరిగిన విషయములు. అంగడి వీధికి మాత్రము ఆ చరిత్రలో తగిన చోటు లభింపలేదు. వర్తకుడు సత్రము కట్టించినపుడు చరిత్రకారు డతనిని గుర్తించును. దుకాణములో కూర్చున్నంతకాలము గుర్తింపడు. కాని యొక జనసమూహము పరభాషా ప్రాంతమున తరతరములు నిలదొక్కుకొనుటకు దేవాలయ మెంత ఆధారమో అంగడియు నంత ఆధారము. అంగడి వీధి చెడినచో దానితోబాటు ఆ పరిసరముల వినవచ్చు భాష, ఇరుగుపొరుగు పరిచయములు, అరువు బేరముల నమ్మకము అన్నియు చెదరిపోవును.

ఇటీవలి కాలమున చెన్నపురిలో ఒక అంగడి వీధిని ప్రభుత్వము పూనుకొని పునరుద్ధరించినది. అది త్యాగరాయనగరములోని త్యాగరాయ రోడ్డు, జనవ్యవహారమున పాండీబజారు. ఆ వీధి పుట్టుకతోను, పేరుతోను, పెరుగుదలతోను తెలుగువారికి సంబంధ మున్నది. కావున దాని క్షీణతయు ఉద్ధరణమును పరిశీలింపదగినవి.

త్యాగరాయనగరము అన్న పేరు వినగానే తెలుగువారిలో పలువురు కాకర్ల త్యాగబ్రహ్మమును స్మరింతురు. ఆ భావన మనోహరమే కాని సరియైనది కాదు. ఈ త్యాగరాయడు పిట్టి త్యాగరాయ సెట్టి. తెలుగు మాతృభాషగా గల దేవాంగ కుటుంబమున 1852లో జన్మించి, నేత వస్త్రముల వ్యాపారమున పేరుగాంచి, 1916లో దక్షిణ భారత లిబరల్ ఫెడరేషన్ స్థాపకులలో నొకడైనవాడు. ఆ సంస్థయే తరువాత జస్టిస్ పార్టీగా ప్రసిద్ధికెక్కినది. 1920లో మద్రాసు కార్పొరేషనుకు ఎన్నికైన తొలి అనధికార అధ్యక్షు డితడే. అదే యేట రాష్ట్రమున మంత్రివర్గము నేర్పరచుటకు పిలుపురాగా పదవిని తిరస్కరించినాడు. 1925లో మరణించినాడు. అంగడి వీధికి నేతవర్తకుని పేరు పెట్టుట యాదృచ్ఛికమే కావచ్చును, ఉచితముగా మాత్రమున్నది.

ఇంతకు పూర్వము చెన్నపురి వర్తకము కోటకు ఉత్తరముననే యుండెడిది. 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు కంపెనీవారికి స్థలమిచ్చినది మొదలు తెలుగు వర్తకులు కోట ప్రక్కనే చేరిరి. బేరి తిమ్మన్న, కాశీ వీరన్న 17వ శతాబ్దిలో కంపెనీవారి ప్రధాన వర్తకులుగా వ్యవహరించిరి. ఆ కాలపు ఇంగ్లీషు లేఖకులు కాశీ వీరన్న పేరును 'కస్సా వెరోనా' అని వ్రాసినందున దస్తావేజులలో అతడొక ఇటలీ దేశస్థునివలె కనబడును! కోమట్లు, బేరి సెట్లు మొదలగువారు కుడిచేయి, ఎడమచేయి కులములుగా చీలి వీధులకొరకు కలహించుకొనిరి. 1707లో గవర్నరు థామస్ పిట్ జోక్యము చేసికొని పెద్దనాయకునిపేటను కుడిచేతివారికిని, ముత్యాలపేటను ఎడమచేతివారికిని కేటాయించుట ఆ కలహ పర్యవసానమే. అంగడి వీధి యన్నది మొదటినుండియు కేవలము క్రయవిక్రయ స్థలము కాదనియు, అక్కడ ఎవరు నిలువవచ్చును, ఎవరు నిలువరాదు అన్నదే అసలు ప్రశ్న అనియు ఈ వృత్తాంతమువలన తెలియుచున్నది. ఈ ప్రశ్న 300 ఏండ్ల తరువాత పాండీబజారులో మరల తలయెత్తినది.

1746లో ఫ్రెంచివారు పట్టణమును వశపరచుకొని 1749లో విడిచిన పిమ్మట కోటకు ఆనుకొనియున్న పాత నల్లవారి పట్టణము నేలమట్టము చేయబడినది. కోట గోడలకు ఎదురుగా శత్రువునకు చాటు లేకుండవలె నన్నది కారణము. అక్కడినుండి తొలగింపబడిన వర్తకులు ముత్యాలపేట, పెద్దనాయకునిపేటలలో తిరిగి దుకాణములు తెరచిరి. అవతల ఇండ్లు కట్టరాదని 1773లో పాతిన హద్దుస్తంభములలో నొకటి నేటికిని ప్యారీ మూలవద్ద నిలిచియున్నది. 20వ శతాబ్ది ఆరంభమున ఆ భాగమునకే జార్జిటౌన్ అను పేరు వచ్చినది. తంబుచెట్టి వీధి, లింగిచెట్టి వీధి, గోవిందప్ప నాయని వీధి, కాశీచెట్టి వీధి - ఈ పేరులన్నియు అప్పటి వర్తక ప్రముఖుల జ్ఞాపికలు.

ఆ జార్జిటౌనులోనే కొత్వాలుచావడి యున్నది. ఆర్యవైశ్యుల శ్రీ కన్యకాపరమేశ్వరీ దేవస్థానమునకు చెందిన ఈ అంగడి నగరమున కంతటికిని కూరగాయలు, పండ్లు సరఫరా చేయు టోకు వ్యాపారకేంద్రముగా తరతరములు వర్ధిల్లినది. అంగడి రాబడి ధర్మకార్యములకును, విద్యాలయములకును ఆధారమగుచుండెను. కాని నగరము పెరిగిన కొలది ఇరుకు వీధులలోనికి లారీలు చొరబడుట దుర్ఘటమైనది. 1996లో ప్రభుత్వము టోకు వర్తకమును కోయంబేడునకు తరలించినది. సుమారు 295 ఎకరముల విస్తీర్ణమున నిర్మింపబడిన ఆ నూతన విపణి సదుపాయములలో పాతదానికన్న మిన్న అనుటలో సందేహము లేదు. లారీలు పోయినవి. కాని తెల్లవారుజామున బస్తాలు మోయు కూలీలు, వారికి ఫలహారములు పెట్టు చిన్న పూటకూళ్లు, తక్కెడలు బాగుచేయువారు, బుట్టలు అల్లి యమ్మువారు - వీరందరు ఒక పెద్ద అంగడి నీడలో బ్రతుకువారు. పెద్ద చెట్టును వేరొకచోట నాటవచ్చునేమో గాని దాని నీడను మోసికొనిపోలేము. కొత్వాలుచావడిలో చిల్లర వ్యాపారము మిగిలినది; మునుపటి ప్రాభవము తిరిగిరాలేదు.

ఇది వీధి క్షీణించుటలో నొక విధము: జనము తరలిపోవుటవలన క్షీణించుట. పాండీబజారు క్షీణత దీనికి పూర్తిగా విరుద్ధము. జనము మిక్కుటమై, నడచుటకు చోటులేక, వీధి తన బరువునకు తానే క్రుంగినది.

త్యాగరాయనగర మున్న భూమి పూర్వము చెరువు. మైలాపూరు, మాంబలము ప్రాంతములను కలుపుచు పొడుగుగా సాగినందున ఇంగ్లీషువారు దానిని పొడుగు చెరువు అనిరి. 19వ శతాబ్ది చివర అందులో పడవ పందెములు జరిపిరి. మద్రాసు పట్టణ నిర్మాణ శాసనము 1920లో అమలులోనికి వచ్చెను. దాని ఫలముగా 1923 నుండి చెరువును పూడ్చి మాంబలమున నూతన నివాసభాగమును నిర్మించుట కారంభించిరి. అప్పటి ప్రథమ మంత్రి పానగల్లు రాజా. ఆయన అసలు పేరు పానగంటి రామారాయణింగారు. శ్రీకాళహస్తికి చెందిన తెలుగు జమీందారు. 1921 నుండి 1926 వరకు రాష్ట్రప్రభుత్వమును నడిపినాడు. నగర రచనలో నడుమ నున్న ఉద్యానమునకు ఆయన పేరు పెట్టిరి. దానిని ఆనుకొని బయలుదేరు ప్రధాన వీధి త్యాగరాయ రోడ్డు. గోపతి నారాయణస్వామి సెట్టి పేర జి.ఎన్. చెట్టి రోడ్డు, కార్పొరేషను కమిషనరుగా పనిచేసిన వెంకటనారాయణ నాయుడు పేర వెంకటనారాయణ రోడ్డు ఏర్పడినవి. డాక్టరు టి.ఎం. నాయరు, నటేశ మొదలియారు, మహమ్మద్ ఉస్మాన్ పేరులును అక్కడనే కానవచ్చును. ఆనాటి జస్టిస్ పార్టీ సభ్యుల జాబితా కావలసినవారు ఆ పేట వీధుల పటము చూచిన చాలును.

ఇచ్చట నొక విచిత్రము చెప్పవలసియున్నది. 1970ల చివర తమిళనాడు ప్రభుత్వము వీధుల పేరులలోని కులసూచక పదములను తొలగింప నిర్ణయించినది. ఉద్దేశము ఉదాత్తమైనదే. కాని 'సెట్టి', 'నాయకన్', 'మొదలి', 'నాయరు' అన్న తుదిపదములు ఊడిపోగా ఎవరి పేరు ఎవరిదో తెలియని స్థితి యేర్పడెను. డాక్టరు నాయరు రోడ్డు 'డాక్టరు రోడ్డు' అయినదని నగరవాసులు నేటికిని నవ్వుకొందురు. త్యాగరాయ సెట్టి కేవల త్యాగరాయడై వాగ్గేయకారునితో కలగలసిపోవుటకు ఇదియు కొంత కారణము కావచ్చును.

1931లో బీచి స్టేషను నుండి తాంబరము వరకు విద్యుత్ రైళ్లు నడచుటతో మాంబలము నగరమునకు దగ్గరయినది. పానగల్లు ఉద్యానమువద్ద కంచి పట్టు నేతకుటుంబమునకు చెందిన నల్లి చిన్నసామి చెట్టి 1928లోనే వస్త్రదుకాణము తెరచియుండెను. కంచి నేతవారిలో ఆంధ్రదేశమునుండి వలసపోయిన సాలె, దేవాంగ కుటుంబములు పెక్కు గలవని యిచ్చట గుర్తుచేసికొనదగును. 1939లో ఎం.జి. నాయుడు స్థాపించిన నాయుడు హాలు స్త్రీల దుస్తుల కుట్టుపనితో క్రమముగా నగరమంతట ప్రఖ్యాతి పొందినది. తమిళ చిత్రసీమలో ఖ్యాతిగాంచిన నటి టి.ఆర్. రాజకుమారి ఈ వీధిలోనే తన పేర చిత్రశాల నెలకొల్పినది. వీధికి పాండీబజారు అను పేరెట్లు వచ్చినదో రెండు వాదములు గలవు. జస్టిస్ పార్టీ నాయకుడు డబ్ల్యు.పి.ఎ. సౌందరపాండ్య నాడారు పేరునుండి వచ్చినదని యొకటి. పాండిచ్చేరి నుండి వచ్చిన వర్తకులవలన వచ్చినదని మరియొకటి. ప్రభుత్వ వ్యవహారమున అది సౌందరపాండ్యన్ అంగాడి. జనులకు ఈ వివాదముతో నిమిత్తము లేదు. వారి నోట అది పాండీబజారే.

రెండవ ప్రపంచయుద్ధానంతరము తెలుగు చలనచిత్ర పరిశ్రమ చెన్నపురిలో స్థిరపడినది. స్టూడియోలు వడపళనిలో, నటులు, సాంకేతిక నిపుణులు, రచయితల నివాసములలో హెచ్చుభాగము త్యాగరాయనగరములో. నందమూరి తారకరామారావుగారి ఇల్లు బజుల్లా రోడ్డున నుండెడిది. చిత్తూరు నాగయ్యగారు పూనుకొని నిర్మింపజేసిన వాణీమహలు జి.ఎన్. చెట్టి రోడ్డున నేటికిని సంగీత సభలతో కళకళలాడుచున్నది. వెంకటనారాయణ రోడ్డున తిరుమల తిరుపతి దేవస్థానమువారి ఆలయమును, విజయరాఘవ రోడ్డున ఆంధ్ర సాంఘిక సాంస్కృతిక సంఘమును వెలసినవి. ఇన్ని సంస్థలు ఒక మైలు పరిధిలో ఉన్నచోట మధ్యనున్న అంగడి వీధిలో తెలుగు వినిపింపకుండుట యెట్లు?

నివాసులకన్నను దూరమునుండి వచ్చు కొనుగోలుదారులు మరి యెక్కువ. 1953లో ఆంధ్రరాష్ట్రము మద్రాసు లేకయే ఏర్పడినది. 1960లో సరిహద్దు సవరణమున తిరుత్తణి మద్రాసు రాష్ట్రమునకు చేరినది. రాష్ట్రములు వేరైనను పెండ్లిబట్టల మార్గము మారలేదు. నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట, పుత్తూరు, నగరి ప్రాంతములవారికి మాఘ ఫాల్గుణములు వచ్చినవన్న ఉదయము రైలెక్కి చెన్నపురికి పోయి, పట్టుచీరలు, నగలు, స్టీలు పాత్రలు కొని, రాత్రి బండికి తిరిగివచ్చుట పరిపాటి. గుమాస్తా తమిళుడైనను 'రండమ్మా, కూర్చోండి' అని తెలుగున పిలుచుట ఆ వీధి వర్తకనీతి. రాజకీయ సరిహద్దు గీచుటకు న్యాయమూర్తులు కావలెను. దానిని లక్ష్యపెట్టకుండుటకు ఒక పెండ్లి చాలును.

ఇట్టి వీధి క్షీణించినది. 1970ల నుండి ఉస్మాను రోడ్డు, రంగనాథన్ వీధులలో బహుళ అంతస్తుల దుకాణములు లేచినవి. ఒకే కప్పు క్రింద పాత్రలు మొదలు పట్టువరకు చౌకగా దొరకుచుండగా, పాండీబజారులోని ఒంటి అంతస్తు దుకాణములు పోటీకి నిలువలేకపోయినవి. తెలుగు చిత్రపరిశ్రమ క్రమముగా హైదరాబాదునకు తరలినది. రాజకుమారి చిత్రశాల పడగొట్టబడి దాని స్థానమున వ్యాపారభవనము వచ్చినది. చల్లనిగాలి యంత్రములు గల మాలులు నగరమున వెలసి - 2010లో రాయపేటలో ఎక్స్‌ప్రెస్ అవెన్యూ వాటిలో ముఖ్యము - మధ్యతరగతి కుటుంబములను ఆకర్షించినవి. మిగిలిన వీధిలో కార్లు రెండు వరుసలుగా నిలిచెడివి. కాలిబాట మీద చిల్లర వర్తకులు గుడిసెల వలె టార్పాలిను కప్పులు వేసికొని గాజులు, దువ్వెనలు, రిబ్బనులు, చెప్పులు అమ్ముచుండిరి. నడచువారికి మిగిలినది కార్ల నడుమ సందు.

చిల్లర వర్తకులను గూర్చి పెద్ద దుకాణదారుల ఫిర్యాదులు న్యాయస్థానముల కెక్కి ఏండ్ల తరబడి నలిగినవి. ఈ వివాదమున ఏదో యొక పక్షమున నిలుచుట సులభము. ఉభయ పక్షములను చూచుటయే కష్టము. కాలిబాట నడచువానిది అనుట నిజము. కాని అట్టి వీధికి పేదకొనుగోలుదారులను రప్పించినది ఆ గాజుల వర్తకులే అనుటయు నిజము. పట్టుచీర కొన్న తల్లి, కూతురికి రంగుగాజులు కొనునది కాలిబాట మీదనే. 2013లో కార్పొరేషను వీధి ప్రక్కనే బహుళ అంతస్తుల సముదాయము నిర్మించి వీధివర్తకులను అందులోనికి తరలించినది. మరుసటి యేట, అనగా 2014లో, కేంద్రమున వీధివర్తకుల జీవనోపాధి రక్షణ శాసనము వచ్చినది. ఆ శాసనము ముందు వచ్చియుండిన వ్యవహారము మరొక రీతిగా నడచియుండెడిదేమో. పై అంతస్తుకు మెట్లెక్కి దువ్వెన కొనువా రరుదు. వీధివర్తకమన్నది నడచుచుండగా కంటబడుటపై ఆధారపడిన వ్యాపారము. వెదకికొని పోవలసివచ్చినపుడు అది వీధివర్తకమే కాదు. కొందరు తిరిగి కాలిబాటకు చేరుట కిదియే కారణము.

2016 జనవరిలో కేంద్రప్రభుత్వము స్మార్ట్ సిటీ పథకము క్రింద తొలివిడతగా 20 నగరముల నెన్నుకొనినది. చెన్నై వాటిలో నొకటి. త్యాగరాయనగరమును ఆదర్శభాగముగా తీర్చిదిద్దవలెనని నిశ్చయించిరి. ఆలోచన క్రొత్తది కాదు. డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగనులో స్ట్రోయెట్ అను వీధిని 1962లో వాహనములకు మూసివేసినపుడు దుకాణదారులు తమ వ్యాపారము మునిగిపోవునని గగ్గోలు చేసిరి. కొలదికాలమునకే రద్దీ పెరిగి వారి భయము తొలగినది. చెన్నపురిలోను అదే భయము వ్యక్తమైనది. కారు దిగుటకు చోటులేనిచో ధనవంతుడు రాడని వాదించిరి. అధికారులు మొదట వీధిని కొన్ని దినములు ప్రయోగార్థము మూసి చూచిరి. ఆదివారములందు పిల్లలు ఆడుకొనుటకు విడిచిరి. ఈ ప్రయోగములవలన వాదము కొంత చల్లబడినది. తుదకు వీధిని పూర్తిగా మూయక, వాహనములకు ఇరుకుబాట విడిచి, ఇరువైపుల కాలిబాటలను విశాలము చేయుటకు నిర్ణయించిరి.

ఈ పాదచారి వేదిక 2019 నవంబరు 13న ప్రారంభింపబడినది. వ్యయము దాదాపు 40 కోట్ల రూపాయలు. పాత చెట్లను కొట్టక వాటి చుట్టు అరుగులు కట్టిరి. కూర్చుండుటకు బల్లలు, పిల్లలకు ఆటవస్తువులు, రాత్రికి దీపములు అమర్చిరి. కాలిబాటపైకి కార్లు ఎక్కకుండ రాతి స్తంభములు నాటిరి. నగరమున ఎన్నో కోట్లు వ్యయము చేసి ఫ్లైఓవరులు కట్టినపుడు కలుగని మార్పు ఇచ్చట కలిగినది: వృద్ధులు వీధిలో కూర్చుండిరి. కొనుట కేమియు లేకున్నను సాయంకాలము వచ్చి కూర్చుండువారి సంఖ్య పెరుగుట అంగడి వీధి ఆరోగ్యమునకు మంచి గుర్తు. దుకాణదారుడు దానిని నష్టముగా లెక్కించరాదు. నేడు కూర్చుండినవాడే రేపు కొనును.

కార్లు నిలుపుటకై సమీపమున యంత్రములతో నడచు బహుళ అంతస్తుల స్థానమును నిర్మించిరి. 2023 మే నెలలో మాంబలము రైలుస్టేషను నుండి బస్సుల నిలయము వరకు 570 మీటర్ల పొడవైన ఆకాశవంతెనను తెరచిరి. రైలు దిగిన ప్రయాణికుడు రంగనాథన్ వీధి రద్దీలో నలగక వెలుపలికి రాగలుగుట దీని ప్రయోజనము. సామానులతో వచ్చు నెల్లూరి కుటుంబములకు ఇది సామాన్యమైన ఉపకారము కాదు.

పునరుద్ధరణమున లోపములు లేకపోలేదు. కాలిబాట విశాలమైన వెంటనే ద్విచక్రవాహనములు దానిపైకి ఎక్కనారంభించినవి. ప్రారంభమైన నాలుగు నెలలకే 2020 మార్చిలో కోవిడ్ మహమ్మారివలన దేశమంతట అంగళ్లు మూతబడి, వీధికి పరీక్షాకాలమే లేకపోయెను. అనంతరము రెండవ దశ మెట్రో రైలుమార్గము త్రవ్వకములు పానగల్లు ఉద్యానమును ఆక్రమించినవి. వీటన్నిటికన్న ముఖ్యమైనది నీరు. 2015 డిసెంబరు వరదలలో మాంబలము మునిగినపుడే పూడ్చిన చెరువు తన హక్కును జ్ఞాపకము చేసినది. 2021 నవంబరులో భారీవర్షములకు త్యాగరాయనగరము మరల నీటమునిగినది. స్మార్ట్ సిటీ పనులలో మురుగు, వాననీటి మార్గములను సరిగా గమనింపలేదను విమర్శ చెలరేగగా, ప్రభుత్వము ఆ పథకపు పనులపై విచారణకు 2022లో ఏకసభ్య సంఘమును నియమించినది. 1923లో నేల సంపాదించుట ఘనకార్యముగా తోచినది. నీరెక్కడికి పోవునని ఆనాటి రచయితలు ఎంత ఆలోచించిరో తెలియదు గాని, నూరేండ్ల తరువాత కాలిబాట రాళ్లు పరచినవారు కూడ అదే ప్రశ్నను ప్రక్కకు నెట్టుట ఆశ్చర్యకరము.

బెంగుళూరులో చర్చి వీధిని తవ్వి రాతిపలకలు పరచి 2018లో తెరచిరి. అచ్చటి పుస్తకదుకాణములు, కాఫీహోటళ్లు యువజనులతో నిండినవి. హైదరాబాదులో చార్మినారు పరిసరములను పాదచారులకు విడుచు ప్రయత్నము ఏండ్ల తరబడి సాగినది. లాడుబజారు గాజులవర్తకులును బండ్లవారును అచ్చటను ఇదే వివాదమున చిక్కుకొనిరి. మూడు నగరములలోను రాయి పరచుటకు పట్టిన కాలముకన్న చిల్లర వర్తకుని స్థానమును నిర్ణయించుటకు పట్టు కాలమే దీర్ఘమైనది.

అద్దెల విషయమున ఇంకను స్పష్టత రావలసియున్నది. వీధి బాగుపడిన కొలది అద్దె పెరుగుట సహజము. తాతల నాటి అద్దెదారుగా ఉన్న చిన్న వర్తకుడు, దేశవిదేశముల పేరుగాంచిన గొలుసుదుకాణములతో సమానముగా చెల్లింపజాలడు. అద్దెదారునికి రక్షణ లేకుండ వీధిని బాగుచేయుట, రోగికి మందిచ్చి ఇంటినుండి వెడలగొట్టుట వంటిది. కొత్వాలుచావడిలో భూస్వామి ఒక ధర్మసంస్థ; అంగడి రాబడి విద్యాలయములకు పోయినది. పాండీబజారులో భూస్వాములు పలువురు వ్యక్తులు. రాబడి ఎవరికి వారిదే. ఈ భేదమును నగర నిర్మాతలు గుర్తింపకపోయినను సంఘములు గుర్తింపవచ్చును. త్యాగరాయనగరములో తెలుగు సంస్థలకు సొంత భవనము లున్నవి. వీధిముఖమున ఒకటి రెండు గదులను చిన్న వర్తకులకు, పుస్తకవిక్రేతలకు మితమైన అద్దెకిచ్చుట అసాధ్యము కాదు. తెలుగు పుస్తక మొకటి కొనవలెనన్న పాండీబజారులో ఎచ్చటికి పోవలెనో చెప్పుట నేడు సులభము కాదు. ఒకప్పుడు వావిళ్లవారి పట్టణమిది.

మెట్రో రెండవ దశలో దీపస్తంభము నుండి పూందమల్లి వరకు పోవు నాలుగవ మార్గమున, ఈ వీధి మొదట నున్న భూగర్భ స్టేషనుకు పానగల్ పార్కు అన్న పేరే నిర్ణయింపబడినది. కులసూచక పదము లేనందున ఈ పేరు నెవరును కత్తిరింపలేదు. నెల్లూరినుండి పెండ్లిబట్టలకు వచ్చు కుటుంబము ఆ స్టేషనున దిగి పైకి వచ్చినపుడు మొదట కనబడునది కాళహస్తి జమీందారు పేరిటి తోట. రోడ్డు దాటిన పిట్టి త్యాగరాయని వీధి. కాలిబాట మొదటి అరుగున గాజులమ్మువాడు ఉండునో ఉండడో ఇంకను తేలలేదు.